తువ్వాలు కింద చిటికెన వేలు

మా నాయన వీరన్నకు చేతులు ఊరికే ఉండవు. కూర్చుంటే మోకాలి మీద వేళ్లు ఆడుతుంటాయి. బస్సెక్కితే ముందు సీటు కడ్డీ మీద ఆడుతుంటాయి. మా అమ్మ ఎల్లమ్మ రోజుకు పదిసార్లు కసురుతుంది. "ఆ యేళ్లను రవ్వంత సేపు పండుకోనీయవయ్యా, సూసేదానికే నాకు ఆయాసమొస్తాంది" అంటుంది.

ముప్పై ఏళ్లు ఆ వేళ్లతోనే మమ్మల్ని సాకాడు మరి. నాయన పశువుల దళారి. ఎమ్మిగనూరు జాతరలో ఎడ్ల సంత జరుగుతుందే, అక్కడ ఆయన చేయి పడకుండా మంచి జతకు బేరం తెగేది కాదు. అమ్మేవాడి చేయి పట్టుకుని పైన తువ్వాలు కప్పేవాడు. ఇక నోటితో మాట ఉండదు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ వేలు వదిలితే ఎంత తగ్గింది, అంతా ఆ గుడ్డ కిందే. చుట్టూ నిలబడినవాళ్లకు తువ్వాలు కదలడం ఒక్కటే కనబడేది. పశువుకు వంక ఉన్నా అమ్మేవాడి ముందు పైకి అనకూడదు. సంతలో ఒకసారి కుంటిదనే మాట పడితే ఇక ఆ ఎద్దును ఎవరూ ముట్టరు. కొనేవాడికి వంక చెప్పాలన్నా తువ్వాలు కిందే చెప్పాలి.

రెండేళ్ల కిందట కోడుమూరు గిడ్డయ్య మామకు ఒక జత ఇప్పించాడు. చూడ్డానికి లక్షణంగా ఉన్నాయి. తీరా తడి నేలలో విత్తే గొర్రు కడితే అందులో ఒకటి పండుకునేది, ఎంత లేపినా లేచేది కాదు. గిడ్డయ్య మామ సంతకొచ్చి నలుగురిలో అరిచాడు. "నీ యేళ్లు సచ్చిపోయినాయి వీరన్నా, ఇంగ తువ్వాలు తలకు సుట్టుకోని ఇంట్లో కూర్సో" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఎవరూ పిలవలేదు, ఈయనా పోలేదు. తువ్వాలు భుజం మీదే ఉంటుంది గానీ ఎవరి చేతి మీదా పడలేదు. ఇంట్లో వంకాయలు కొనాలన్నా "నన్నడగొద్దు, మీరే సూసుకోండి" అనేవాడు. నాకైతే ఒళ్లు మండేది. ఒక్క ఎద్దు పండుకుంటే మనిషి కూడా పండుకోవాలా?

ఇక నా సంగతి. నా పేరు పల్లవి, ఇరవై ఐదేళ్లు. ఆదోనిలో బట్టల షాపులో చీరల కౌంటరు. రోజూ ఎమ్మిగనూరు నుంచి పోను గంట, రాను గంట. పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. యాభై చీరలు విప్పించి "ఇంకో రంగు ల్యాదా" అని లేచిపోయేవాళ్లకు నవ్వుతూ దండం పెట్టాలి. నాకు నా సొంతమంటూ ఉన్నది ఆ రెండు గంటల బస్సే. బస్సులో ఆటలు ఆడతాను. అవును, ఆడతాను, అయితే ఏంటి? పెళ్లీడు పిల్ల వీడియోగేములేందని అడిగినవాళ్లకు నా దగ్గర మంచి జవాబు ఉంది, ఇక్కడ రాయను.

కానీ ఫోన్‌లో ఆట ఆటేనా! సరిగ్గా కొండ అంచు మీదికి ఎక్కేసరికి షాపు యజమాని ఫోన్ చేస్తాడు. "గద్వాల చీరల కట్ట యాడ పెట్టినావు?" నా నెత్తిన పెట్టినాను! సెలవు రోజైనా వదలడు. అందుకే చేతిలో పట్టుకుని ఆడే ఆటపెట్టె కొనాలని మనసు పడ్డాను. రెండు చేతుల్లో సరిపోయేంత పలక, మధ్యలో తెర, అటొకటి ఇటొకటి బొటనవేళ్లతో తిప్పే పుల్లలు. ఆ నెలే కొత్తది వచ్చింది. ఆరు నెలల చీటీ డబ్బు చేతికొచ్చింది. కొనాలా, వద్దా? అబ్బబ్బా, ఆ నెలంతా నాకు నిద్ర లేదు. వీడియోల్లో ఒకడు కళ్లు మూసుకుని కొనమంటాడు, ఇంకొకడు పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదంటాడు, మూడోవాడు ధర తగ్గేదాకా ఆగమంటాడు. పొద్దున కొనాలనిపించేది, మధ్యాహ్నం సిగ్గేసేది, సాయంత్రం బస్సెక్కగానే మళ్లీ కావాలనిపించేది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే అమ్మ దిష్టి కూడా తీసింది.

ఒకనాడు నాయనే అడిగాడు. "ఏంది పాపా, నెల నుంచి సూస్తాండా. అన్నం సగం తిని లేస్తాండావు."

చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నీకు పోన్ ఉండాది కదా. దాంట్లో ల్యానిది దీంట్లో ఏముండాది?"

"దీనికి ఫోన్ రాదు నాయినా. ఎవరూ పిలవలేరు."

మోకాలి మీద వేళ్లు ఆడించాడు. "ఎవరూ పిలవనిది గావాలనా నీకు" అన్నాడు. ఆయన్ను ఎవరూ పిలవక రెండేళ్లయిందని నాకు అప్పుడు తట్టలేదు. నా గోల నాది.

ఆదోనిలో ముజమ్మిల్ అన్న సెల్‌ఫోన్ల షాపుకు అలాంటిది ఒకటి వచ్చిందని తెలిసింది. బెంగళూరులో ఎవరో కొని, పది రోజులు వాడి ఇచ్చేశారట. కొత్తదానికంటే బాగా తక్కువ. సెలవు రోజు పోదామని నాయన్ను రమ్మన్నాను. "నేనేం సెప్పేది, నాకేం తెలుసు" అని నసిగాడు. "చెప్పొద్దులే, ఊరికే తోడు రా" అన్నాను. అలా అన్నానే గానీ నా కడుపులో వేరే ఉంది. బాగుందనో లేదనో ఈయన నోటి నుంచి ఒక్క మాట రావాలి. వంకాయలకు కూడా నోరు విప్పని మనిషి నా కోసం విప్పుతాడో లేదో చూడాలి. ఆయన భయం ఏంటో కూడా నాకు తెలుసు. ఈసారి కూడా మాట తప్పితే ఇంట్లో బిడ్డ ముందు తల ఎత్తుకోలేడు.

షాపులో ముజమ్మిల్ అన్న కుర్చీ వేశాడు. "రా పెద్దాయనా, కూర్సో. సూడక్కా, సరుకు ఫస్ట్ క్లాస్. ఒక్క గీత ల్యాదు."

తెర వెలిగించాడు. కార్ల ఆట పెట్టి ఇచ్చాడు. రెండు నిమిషాలు తోలాను. బండి కొంచెం ఎడమకు లాగుతున్నట్టనిపించింది. కొత్త చేయి కదా, నాదే తప్పనుకున్నాను.

నాయన అడిగాడు. "పది దినాలకే యాల ఇచ్చినాడప్పా వాడు?"

"వానికి టైము ల్యాదంట పెద్దాయనా, ఉద్యోగం."

నాయన చేయి చాపాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పి, కళ్లు మూసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన కవర్లు కొనే పిల్లలు కిసుక్కుమన్నారు. తువ్వాలు కింద ఆయన బొటనవేళ్లు కదులుతున్నాయి. తిప్పుతాడు, వదులుతాడు, మళ్లీ తిప్పుతాడు. ఐదు నిమిషాలు! "నాయినా, అది ఎద్దు కాదు, ఇంగ సాలు" అన్నాను పళ్ల మధ్య నుంచి.

ఆయన కళ్లు తెరవలేదు. నా చేయి పట్టుకుని తువ్వాలు కిందికి లాక్కున్నాడు. నా చిటికెన వేలు మడిచి గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు జాతర జనంలో నడిపించేటప్పుడు అలాగే చిటికెన వేలు పట్టుకునేవాడు. కొనుక్కో బిడ్డా, నేనున్నా అంటున్నాడని అనుకున్నాను. సంతోషంతో కళ్లు చెమర్చాయి కూడా.

"ప్యాక్ చేయన్నా" అన్నాను.

నాయన చేయి వదిలేశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నాకంటే ముందే మెట్లు దిగి పోయాడు.

బస్సులో ఆయన కిటికీ వైపు, నేను ఇటువైపు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, ఆయనకు డబ్బు టికెట్. అది తీసుకోవడానికి తప్ప నోరు తెరవలేదు. సరే, షాపులో కసిరానని అలిగాడు కాబోలు, ఇంటికి పోయాక బుజ్జగిద్దామనుకున్నాను. పెట్టె విప్పాను. నాకు ఆగుతుందా! ఆటలో మనిషి ఒకడు వాగు గట్టు మీద నిలబడి ఉంటాడు. నేను ఇంకా వేలు పెట్టలేదు. వాడు మెల్లగా ఎడమకు నడవడం మొదలుపెట్టాడు. నడిచి నడిచి వాగులో పడ్డాడు. మళ్లీ గట్టు మీదికి తెచ్చాను. మళ్లీ పడ్డాడు. మూడోసారీ పడ్డాడు.

"ఎడమ పుల్ల వదిలినాక ఒరుగుతాది" అన్నాడు నాయన కిటికీలోంచి పత్తి చేలను చూస్తూనే. "కుడిది వదిలితే టక్కున నిలబడుతాది. ఎడమదానికి ఆ బిగువు ల్యాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలుసా నీకు? తెలిసి ఊరికే కూర్చున్నావా? ఆరు నెలల చీటీ నాయినా అది! ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" బస్సంతా తిరిగి చూసింది. చూడనీ.

నాయన నా వైపు తిరిగాడు. ఆయన ముఖం అలా ఉండటం గిడ్డయ్య మామ అరిచిన రోజు చూశాను, మళ్లీ ఇప్పుడే. "సెప్పినా కదమ్మా. సిటికెనేలు మడిసి పట్టుకున్యా. వద్దు అని. రెండేండ్ల తర్వాత నోరు ఇప్పితి, అదీ నీకోసరమే. నువ్వు గూడ నా యేళ్లను నమ్మలేదు. పోనీలే, ఎవరు నమ్మినారని."

"వద్దనా? అది వద్దనా?" అన్నాను. "నాకెట్లా తెలుస్తుంది నాయినా? ఎప్పుడైనా నేర్పినావా? నేను... జాతరలో పట్టుకున్నట్టు పట్టుకున్నావనుకున్నా."

ముప్పై ఏళ్లు సంతలో అందరికీ తెలిసిన సంగతి ఇంట్లో బిడ్డకు తెలియదని ఆయనకు ఆ క్షణం దాకా తట్టలేదు. వేళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఆడపిల్లకు ఎద్దుల బేరం ఎందుకులే అనుకుంటి" అన్నాడు చివరికి. "తప్పు నాదే పాపా."

నేను లేచి "ఆపండన్నా, దిగాలి" అని అరిచాను. పత్తి చేల మధ్య ఎక్కడో దిగాం. ఆదోనికి తిరుగు బస్సు అరగంటకు గానీ రాలేదు. ఆ అరగంట నేను రోడ్డు పక్క పచార్లు చేస్తూనే ఉన్నాను. పత్తి లోడు లారీలు పోతుంటే దుమ్ము, కోపం, ఏడుపు, అన్నీ కలిసి వచ్చాయి. పోయిన డబ్బు కంటే ఆయన అన్న మాట ఎక్కువ గుచ్చుతోంది. "నువ్వు గూడ" అన్నాడు.

ముజమ్మిల్ అన్న మొదట ఒప్పుకోలేదు. "అమ్మినాక వాపసు ల్యాదక్కా. బోర్డు సూడు." నేను గొంతు పెంచబోయాను. నాయన నన్ను పక్కకు జరిపి, పెట్టె బల్ల మీద పెట్టి తువ్వాలు కప్పాడు.

"చెయ్యి పెట్టప్పా. కండ్లు మూసుకో. రెండూ తిప్పి వదులు. తొందర లేదు."

ముజమ్మిల్ అన్న నవ్వుకుంటూనే పెట్టాడు. ఒకసారి తిప్పాడు, రెండుసార్లు తిప్పాడు. నవ్వు ఆగింది. కళ్లు తెరిచి తువ్వాలు వైపు చూశాడు. "సచ్చీ... నిజమే పెద్దాయనా. నాకు తెలీదు, అల్లా మీద ఆన. కంటితో సూస్తే కనబడదు ఇది." గడ్డం గోక్కున్నాడు. "రిపేరు చేసిస్తా అక్కా."

నాయన తువ్వాలు కింద నా చేయి పట్టుకున్నాడు. చిటికెన వేలు మడిచాడు. ఈసారి నాకు తెలుసు.

"వద్దన్నా" అన్నాను.

"అయితే సీల్ తీయనిది తెప్పిస్తా. ఆదివారానికి. ఇదే రేటుకే ఇస్తా, నాకు నష్టమే, కానీ నా మాట."

నాయన వేళ్లు కదల్లేదు. చివరికి నా చేయి తెరిచి, అరచేతిలో తన అరచేయి పరిచాడు. అదేంటో ఆయన నాకింకా చెప్పలేదు. అయినా తెలిసిపోయింది.

"ఖాయం" అన్నాను.

మేం లేవబోతుంటే ముజమ్మిల్ అన్న కింది అర లాగి పాత ఆటపెట్టెలు రెండు తీశాడు. "పెద్దాయనా, పోతా పోతా ఈ రెండూ గూడ ఒకసారి పట్టి సూస్తావా?" నాయన నా వైపు చూశాడు. తర్వాత మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికి పోయే బస్సులో నా ఒళ్లో ఏమీ లేదు. ఆటపెట్టె ఆదివారానికి వస్తుంది. నాయన భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. "ఇది ఒకటి. ఇది రెండు. రెండు యేళ్లూ కలిపి పట్టుకుంటే ఏంది, సెప్పు?" తప్పు చెప్పాను. "పోయె, ఎద్దు పోయె" అని నవ్వాడు. మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాడు.

అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. షాపు యజమానే అయి ఉంటాడు. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. నా చేయి తువ్వాలు కింద నాయన చేతిలో ఉంది. తీయలేదు.