చీర డబ్బులతో పేకాట

ఆన్‌లైన్‌లో ఆడే రెండు సెంట్ల పోకర్ పేకాటలో బుద్ధిమంతులు బాగుపడరని రేణు గట్టి నమ్మకం. వందల డాలర్లు కాసేవాళ్ళు ఆలోచించి ఆడతారు. వాళ్ళని భయపెట్టవచ్చు, నమ్మించవచ్చు, అవసరమైతే బోల్తా కొట్టించవచ్చు. రెండు సెంట్లు కాసేవాడిని ఏం చేయగలం? వాడికి పోయేదేముంది? చేతిలో ఏడూ రెండూ పెట్టుకుని, రేణు దగ్గర జంట ఆసులున్నాయని చాటింపు వేసినంత స్పష్టంగా తెలుస్తున్నా, చూద్దాంలే అని చివరిదాకా వస్తాడు. వచ్చి, బల్ల మీద పరిచే ముక్కల్లో ఒక ఏడు, ఆఖరి ముక్కకి మూడో ఏడు పడి గెలుస్తాడు. గెలిచి ఊరుకోడు, తెర మీద పళ్ళికిలించే బొమ్మ ఒకటి విసురుతాడు. ఆ బొమ్మని చూస్తే రేణుకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మిషిగన్‌లోని నోవైలో, పొద్దున్నే కూతురు స్మృతి స్కూల్ బస్సెక్కాక, మొగుడు శ్యామ్‌సుందర్ కారు సందు మలుపు తిరిగాక, ఆమె ఈ మూర్ఖుల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఎక్కువసేపు ఆడదు, నిజానికి ఆడే పనే తక్కువ. పనికిరాని ముక్కలు పారేస్తూ కూర్చోవడమే ఈ విద్యలో ముప్పాతిక భాగం. ఈ విద్యకి కావలసినంత ఓపిక ఆమె దగ్గర పోగుపడి ఉంది. తొమ్మిదేళ్ళ ఓపిక మరి.

పెళ్ళికి ముందు, తరవాత కూడా కొన్నాళ్ళు, ఆమె ఒంగోలులో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పేది. తొమ్మిదేళ్ళ కింద మొగుడి వీసా మీద ఈ దేశం వచ్చాక ఆ చదువు పెట్టెలో పట్టుచీరల కింద చేరింది. ఆ వీసా మీద కారు నడపవచ్చు, నలభైమందికి పులిహోర కలిపి పాట్‌లక్ విందుకి పట్టుకెళ్ళవచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. శ్యామ్‌సుందర్ గ్రీన్‌కార్డు ఫైలు ఇంకో మెట్టు ఎక్కితే ఆమెకీ పర్మిట్ వస్తుందట. అతను కంపెనీ మారినప్పుడల్లా ఆ ఫైలు మొదటి మెట్టు దగ్గరికే వచ్చి కూర్చుంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం.

అలాంటి రోజుల్లో ఆమెకి ఆక్చురీ పరీక్షల సంగతి తెలిసింది. బీమా కంపెనీల్లో ప్రమాదాల లెక్క కట్టేవాళ్ళు రాసే పరీక్షలవి. మొదటి పేపరంతా ఆమె పిల్లలకి చెప్పిన పాఠమే. రాయడానికి వీసా అడ్డు రాదు, ఫీజు కడితే చాలు. ఆ మాట వినగానే శ్యామ్‌సుందర్ జేబులోంచి కార్డు తీశాడు. మంచివాడే, కాదనడానికి లేదు. కాని కందిపప్పుకీ, కారు పెట్రోలుకీ, స్మృతి కూచిపూడి క్లాసుకీ గీకే కార్డది. ఆ కార్డుతోనే తన పరీక్ష ఫీజూ కట్టాలంటే రేణుకి మనసొప్పలేదు. తరవాత చూద్దాంలెండి అంది.

ఆ తరవాత ఆమె అన్న అనుదీప్, కాలిఫోర్నియా డబ్లిన్‌లో ఉండేవాడు, ఆఫీసు పని మీద డెట్రాయిట్ వచ్చి ఒక పూట భోజనం చేసి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చీర కొనుక్కోమని చెల్లెలి చేతిలో యాభై డాలర్ల నోటు పెట్టాడు. పుట్టింటివాళ్ళు చీరకిచ్చిన డబ్బుకి లెక్క అడిగే హక్కు మొగుడికి లేదు, అత్తగారికి అసలే లేదు. పోనీ చీర కొందామంటే ఇక్కడి దుకాణాల్లో ఆ యాభైకి జాకెట్టు కుట్టుకూలి కూడా రాదు. రేణు ఆ నోటుతో తన పేరు మీద ప్రీపెయిడ్ కార్డు కొని, మిషిగన్‌లో చట్టం ఒప్పుకున్న పేకాట సైట్లో వేసుకుంది. ఈ యాభైని పెంచి పరీక్ష ఫీజు కట్టాలి. బయటినుంచి ఒక్క డాలరు కూడా కలపకూడదు. ఒక బల్ల దగ్గర రెండు డాలర్లకి మించి పెట్టుకుని కూర్చోకూడదు. ఇవీ ఆమె కట్టుబాట్లు. ఆ ఖాతాకి గల్లా అని పేరు కూడా పెట్టుకుంది.

గల్లా పెరిగిన తీరు చెబితే వినేవాళ్ళకే నీరసం వస్తుంది. వారమంతా కూడబెట్టింది ఒక్క శుక్రవారం పొద్దున హరించుకుపోయేది. అరోరాలో బంధువుల గృహప్రవేశానికి వెళ్తే మిషిగన్ సరిహద్దు దాటగానే ఆ సైటు నోరు మూసుకునేది. శ్యామ్‌సుందర్ ఒకసారి ఆమె వెనక నిలబడి, ఆడిన గంటలతో గెలుపుని భాగించి, గంటకి పదిహేను సెంట్లు పడుతోందని ప్రకటించాడు. భాగహారం తనకీ వచ్చని రేణు చెప్పలేదు, కుక్కర్ మూత కాస్త గట్టిగా పెట్టింది. స్నేహితుల ఇళ్ళలో మాత్రం అతను మా ఆవిడ ఏదో ఆన్‌లైన్ కోర్సు చేస్తోందని చెప్పుకునేవాడు. ఇల్లాలు పేకాడుతోందంటే బాగుండదట. సొంత ఊళ్ళో ఆఫీసర్స్ క్లబ్బులో రమ్మీ ఆడి, తెల్లారగట్ల ఇల్లు చేరిన వంశం వాళ్ళది.

అయినా గల్లా పెరిగింది. ఏడాది తిరిగేసరికి, పరీక్షకి పేరు నమోదు చేసుకునే గడువు దగ్గరపడేసరికి, ఫీజుకి ముప్పై డాలర్లు మాత్రమే తక్కువ. మంచి వారం ఒకటి కలిసొస్తే చాలు. కలిసి రాలేదు. జంట ఆసులు వచ్చినప్పుడల్లా చిల్లర ముక్కలవాడెవడో వచ్చి గండి కొట్టిపోయాడు. ఆమె లెక్క తప్పలేదు, తప్పు ఆడలేదు. అయినా గల్లా కదలదు. తప్పు చేసి ఓడితే ఏడవవచ్చు, సరిగ్గా ఆడి ఓడితే ఎవరి మీద ఏడవాలి? రాత్రి అన్నాల దగ్గర ఆ విసుగంతా ఆమె మొహంలో కనబడింది. శ్యామ్‌సుందర్ చూశాడు. ఇక్కడే కొంప మునిగింది.

మర్నాడు వాళ్ళ పెళ్ళిరోజు. రేణు గల్లా తెరిచి చూస్తే రాత్రికి రాత్రే నూట పదహారు డాలర్లు ఎక్కువ ఉంది. ముందు సైటు వాళ్ళ పొరపాటనుకుంది. తరవాత ఆ పదహారు చూసి అసలు సంగతి అర్థమైంది. ప్రపంచంలో ఇంకే దేశంవాడైనా వందతో సరిపెడతాడు. వంద మీద పదహారు వేసి చదివించేది తెలుగువాడే. ఆమె పాస్‌వర్డ్ స్మృతి పేరే కాబట్టి, ఇంట్లో అన్నిటికీ అదే కాబట్టి, శ్యామ్‌సుందర్ లోపలికెళ్ళి తన కార్డుతో పెళ్ళిరోజు కట్నం చదివించాడు. ఫీజు పోగా ఇంకా మిగులుతుందని ఆఫీసునుంచి మురిపెంగా మెసేజ్ కూడా పెట్టాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మధ్యాహ్నానికి ఖాతాకి తాళం పడింది. ఖాతా ఒకరిది, కార్డు ఇంకొకరిది కాబట్టి, విచారణ అయ్యేదాకా పైసా కదలదని కంపెనీ మెయిల్ పంపింది. ఇక మెయిళ్ళే మెయిళ్ళు. లైసెన్సు ఫోటో పంపితే అంచులు కనబడలేదన్నారు. అంచులు కనబడేలా పంపితే మెరుపు పడిందన్నారు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, కిటికీ దగ్గర, దుప్పటి నీడలో తీసింది. దానికి జవాబే లేదు. గడువు రోజు వచ్చేసింది. ఏడాది పాటు రెండేసి సెంట్లు ఏరుకున్నది, కట్టుకున్నవాడి ప్రేమ దెబ్బకి బందీ అయిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక రేణు ఏదో వంకన స్మృతిని తిట్టింది. తిట్టినందుకు తన మీద తనకే చిరాకేసింది.

శ్యామ్‌సుందర్ ఆ రోజు ఇంటినుంచే పనిచేస్తున్నాడు. నేను చూసుకుంటాలే అని ఫోన్ అందుకున్నాడు. బీమావాళ్ళతోనైనా, పళ్ళ డాక్టరుతోనైనా, వీసా లాయరుతోనైనా మాట్లాడేది అతనే. భార్య తరఫున చేస్తున్నానని మొదలుపెడతాడు, అవతలివాళ్ళు సరేనంటారు. ఈసారి అవతలి అమ్మాయి సరేననలేదు. ఖాతాదారుతో తప్ప మాట్లాడనంది. భర్తనన్నాడు, కార్డు నాదన్నాడు. అందుకేగా గొడవ అని ఆమె మర్యాదగానే చెప్పింది. అతను ముఖం చిన్నబుచ్చుకుని ఫోన్ స్పీకర్‌లో పెట్టి రేణు ముందుకి జరిపాడు.

పేరు, పుట్టినరోజు, మొదటి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందీ ఆ అమ్మాయి అడిగింది. అన్నిటికీ రేణు జవాబు చెప్పింది, ఎక్కడా తడబడలేదు. ఆట తీరు ఒకే మనిషిదని తమ రికార్డులు చెబుతున్నాయని, ఆవిడ మీద అనుమానమేమీ లేదని అమ్మాయి అంది. ఇక ఆ నూట పదహారు సంగతి తేలాలి. కార్డు మీద ఆవిడ పేరు కూడా ఉన్నట్టు బ్యాంకు కాగితం పంపితే డబ్బు అలాగే ఉంచి ఇప్పుడే తాళం తీస్తారు. లేదంటే కార్డుకి తిప్పి పంపేసి, అప్పుడు తీస్తారు.

కార్డు మీద రేణు పేరుంది. శ్యామ్‌సుందర్ అప్పటికే కాగితం తెర మీద తెరిచి పెట్టి, ఉంచేయమని చేత్తో సైగ చేస్తున్నాడు. అది ఉంచితే సాయంత్రం లోపల ఫీజు కట్టవచ్చు. రేణు ఆ కాగితం వంక చూసింది. పైన అతని పేరు, కింద చిన్న అక్షరాల్లో తన పేరు. ఆమె ఫోన్ మీదికి వంగి, తిప్పి పంపేయండి అని ఇంగ్లీషులో చెప్పింది.

అతను గబుక్కున ఫోన్ మ్యూట్ చేశాడు.

"రేణూ, ఇవాళే లాస్ట్ డేట్. మళ్ళీ ఎగ్జామ్ నాలుగు నెలల తర్వాతే కదా. ముప్పై డాలర్ల కోసం అంతకాలం వెయిట్ చేస్తావా?"

"చేస్తాను. మీ ఫైలు కదలాలని తొమ్మిదేళ్ళు చేశానండీ. నా దానికి నాలుగు నెలలు చేయలేనా?"

ఆ తొమ్మిదేళ్ళ మాట ఆమె అంతవరకు అతనితో ఒక్కసారి కూడా అనలేదు. ఆ అమ్మాయి లైన్లో ఉన్నారా అని రెండోసారి అడిగింది. రేణు మ్యూట్ తీసి ఉన్నానని చెప్పింది. శ్యామ్‌సుందర్ తెర మీది కాగితం మూసేసి, కాన్ఫరెన్స్ కాల్‌కి టైమైపోయినా లేవకుండా, ఆమె మాట్లాడటం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.