సంతకం పెట్టమన్న రోజు

ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో అందరూ నన్ను వెబ్‌సైట్ల పిల్ల అంటారు. పిల్లేమిటి, నా మొహం, నాకు ఏడేళ్ల కూతురుంది. అయినా ఆ పేరంటే నాకు ఇష్టమే. మొదట కామారెడ్డిలో ఒక విత్తనాల దుకాణానికి, తర్వాత ఒక ఫంక్షన్ హాలుకు, ఆ తర్వాత ప్రైవేటు బడులకు వెబ్‌సైట్లు చేశాను. ఇంటర్నెట్లో పని వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆస్ట్రేలియాలో ఒకావిడను పట్టుకున్నాను. ఆవిడ అక్కడి పళ్ల డాక్టర్ల దగ్గర ఆర్డర్లు తీసుకుంటుంది, చేసిపెట్టేది నేను. ఎంతమంది పళ్ల డాక్టర్లకు చేశానో నాకే గుర్తు లేదు. నా పన్ను నొస్తే మాత్రం లవంగమే గతి.

పని బాగా నడిచింది. గొప్పలు కాదు, నిజంగానే నడిచింది. కామారెడ్డిలో కరెంటు, నెట్ బాగుంటాయని బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. పని పెరిగినకొద్దీ భయం కూడా పెరుగుతుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఇది నెల జీతం వచ్చే నౌకరీ కాదు. రేపటినుంచి రావద్దని చెప్పేవాళ్లు కూడా ఉండరు, మెయిళ్లు రావడం ఆగిపోతుంది, అంతే. ఫోను టింగుమంటే గుండె జల్లుమనేది. టింగుమనకపోతే ఇంకా ఎక్కువ జల్లుమనేది. మా అత్త నన్ను చూసి నవ్వేది. "ఏందే, ఫోన్ల పాము జొచ్చిందా?" అనేది.

మా ఆయన నాకు మేనబావే. దుబాయిలో ఇనుప రాడ్లు వంచే పని చేసేవాడు. పెళ్లయినప్పటి నుంచీ రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయే మనిషి. పోయినసారి వచ్చినప్పుడు మా బిడ్డ చాలా రోజులు అతని దగ్గరికి రానేలేదు. మెల్లగా అలవాటై, అతని పక్కన తప్ప పడుకోనని మొండికేసే వేళకు అతను సామాను కట్టుకుంటున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

అతను దుబాయి చేరగానే ఫోన్లో చెప్పేశాను. "ఇగ చాలు బావా. వచ్చెయ్. ఇల్లు నేను నడుపుత."

"నువ్వు నడిపితే నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"నా టిఫిన్ డబ్బా మోస్కరా."

నవ్వాడు కానీ వెంటనే ఒప్పుకోలేదు. అతనికి నలభై దాటాయి. వీసా క్యాన్సలైతే ఆ వయసువాణ్ని మళ్లీ తీసుకునే కంపెనీ ఉండదు, ఏజెంట్లు కూడా మొహం తిప్పుకుంటారు. వచ్చాడంటే ఇక వచ్చినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నెలల తరబడి నేను సతాయిస్తే చివరికి సరేనన్నాడు.

అతను వీసా క్యాన్సల్ కాగితం మీద సంతకం పెట్టాల్సిన రోజు పొద్దున, నేను ఎప్పటిలాగే కామారెడ్డి బస్సెక్కి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. లింగంపేట దగ్గర ఫోను టింగుమంది. ఆస్ట్రేలియా ఆవిడ మెయిల్. వచ్చే నెల నుంచి మన పని పద్ధతి మారుతుంది, సోమవారం మాట్లాడుకుందాం అని రాసింది. ఇంకేమీ లేదు.

నాకు విషయం అర్థమైపోయింది. వారం కిందటే ఆవిడ ఒక వెబ్‌సైటు పంపి, ఏఐ చిటికెలో చేసిపెట్టింది, చూడు ఎంత బాగుందో అంది. నేను కూడా ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నాను, లోపల మాత్రం చచ్చాను. నిజంగానే బాగుంది. అందులో పళ్లు కూడా నేను పెట్టేవాటికంటే తెల్లగా ఉన్నాయి.

బావకు ఫోన్ చేసి ఆగమందామంటే సిగ్నల్ లేదు. బస్సు అడవి దారి పట్టింది. అయినా మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా, కక్కొస్తుందా? కిటికీ తియ్యి" అంది. తీశాను. గాలి తగిలినా ఏమీ తేడా రాలేదు. ఈపాటికి సంతకం పెట్టేశాడేమో అని ఒక భయం, పెట్టకపోతే నేను చెప్పాల్సి వస్తుందని ఇంకో భయం.

అడవి దాటగానే ఫోను మోగింది. అతనే.

"పిల్లా, ఆఫీసుల ఉన్న. కాయితం ముందట వెట్టిండ్రు. నీ పని మంచిగనే నడుస్తుంది గదా? పెట్టమంటవా? ఒక్కసారి నీ నోటితోని చెప్పు."

ఆగు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆగు అంటే ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు. పని పోతుందన్న భయం కంటే, అతను ఇక ఎప్పటికీ రాడన్న భయమే నాకు పెద్దదైంది.

"పెట్టు బావా" అన్నాను.

కామారెడ్డిలో దిగి, గదిలోకి పోయి, తలుపేసుకుని ఏడ్చాను. ఏడుస్తూనే ఒక పళ్ల డాక్టరు పేజీ పూర్తిచేశాను.

సోమవారం ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. ఇకమీదట వెబ్‌సైట్లు యంత్రమే చేస్తుందట, అందులో తప్పులు దిద్దడం నా పనట. అంటే సగం పని పోయినట్టే. మళ్లీ దుకాణాలు పట్టుకు తిరిగాను. భిక్నూర్ దాకా పోయి హైవే దాబాల వాళ్లను కూడా అడిగాను. రోడ్డు మీద ఇంత పెద్ద బోర్డుండగా వెబ్‌సైటెందుకన్నారు. రోజూ బావ ఫోన్ చేసి అంతా మంచిదేనా అనేవాడు, మంచిదే అనేదాన్ని.

అతను వచ్చిన రోజు బిడ్డను తీసుకుని కామారెడ్డి స్టేషనుకు పోయాను. ఎప్పుడూ చాక్లెట్లు, సెంటు సీసాలతో దిగే మనిషి, ఈసారి దుప్పట్లు, చెప్పులు, అన్నం వండుకునే మసిపట్టిన గిన్నెతో సహా దిగాడు. ఆ గిన్నె చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇతను నిజంగానే వచ్చేశాడు.

ఎల్లారెడ్డి బస్సులో బిడ్డ అతని ఒళ్లో నిద్రపోయాక ఇక ఆగలేక చెప్పేశాను.

"బావా, నువ్వు సంతకం వెట్టిననాడు నీకొకటి చెప్పలే. అప్పటికే నా పని పోయేటట్టుండె. ఇప్పుడు సగం పోయింది."

కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఏందో అయిందని నాకు ఎరుకనే" అన్నాడు. "పెట్టు అనేటప్పుడు నీ గొంతు వణికింది."

నాకు కోపమొచ్చింది. "ఎరుకైతే ఎందుకు వెట్టినవ్ మరి?"

"గంత వణుక్కుంట గూడ రమ్మంటివి గదా. నాకు గూడ చెయ్యి వణికింది. సంతకం పాస్‌పోర్టుల ఉన్నట్టు రాలేదని ఆఫీసోడు కాయితం చింపి ఇంకోటి ఇచ్చిండు. వద్దనుకుంటే అప్పుడే సంతకం వెట్టకుంట లేచి పోయేటోన్ని. రెండోదాని మీద గూడ పెట్టిన."