పెద్దదినం నాటి పొదుగుకోడి

అప్పట్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ప్రతిదానికీ సరైన ఉష్ణోగ్రత ఒకటి ఉంటుందని, అది తెలిసినవాడి చేతిలో ఏదీ చెడిపోదని. చదువు అయిపోయి మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో అసిస్టెంటుగా చేరిన కొత్త. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక థర్మామీటరు పెట్టుకొని తిరిగేవాణ్ణి (పని ఉండి కాదు, మెడలో స్టెతస్కోపుతోనే టీ అంగడికి వచ్చే డాక్టర్లు ఉంటారే, ఆ వరస). ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, సిగ్గు కూడా రాదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని ఒక టీ ఇప్పించాలనిపిస్తుంది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో అమ్మ పోయింది. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో మా పల్లె. పొద్దున టమోటా తోటకు నీళ్ళు కట్టి వచ్చి, గుండెలో మంటగా ఉందని చాప వేసుకొని పడుకుంది. ఆటో వచ్చేలోపల అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను. రాయడానికి ఇంతకంటే లేదు కూడా.

పోవడానికి నాలుగైదు రోజుల ముందు అమ్మ తన నల్లకోడిని పొదుగు వేసింది. వంటింటి మూలన గంప, గంపలో వరిగడ్డి, గడ్డి మీద గుడ్లు, వాటి మీద కోడి. ఒక పక్కగా విరిగిన కొడవలి ముక్క, రెండు ఎండుమిరపకాయలు. ఉరుములకు గుడ్లలోని పిల్లలు చచ్చిపోకుండా మా వైపు అలా పెడతారు. ఆ కోడి వంశం అమ్మ పెళ్ళయి వస్తూ పుట్టింటి నుంచి చంకన పెట్టుకొని తెచ్చిన పెట్టతో మొదలైంది (ఆ రోజు పెళ్ళికూతురి కన్నా కోడే ఎక్కువ ఏడ్చిందని నాయన చెప్పేవాడు). అంతకు ముందటి ఏడు కొక్కెర తెగులు వచ్చి పల్లెలో కోళ్ళు దాదాపు తుడిచిపెట్టుకు పోయాయి. ఆ వంశంలో మిగిలింది ఈ నల్లకోడి ఒక్కటే.

పెద్దదినం నాడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర ఆకు వేసి పెడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అమ్మకు నాటుకోడి పులుసు, రాగి సంగటి ఇష్టం. వంట బాధ్యతంతా కుప్పం మామ నెత్తిన వేసుకున్నాడు. మామంటే మా మేనత్త మొగుడు. చావైనా పెళ్ళయినా, గరిటె ఆయన చేతిలోకి వెళ్ళిందంటే మిగతావాళ్ళు పక్కకు తప్పుకోవలసిందే.

ఆకు వేశాం. కాకి వచ్చింది. వచ్చి కరెంటు స్తంభం మీద కూర్చుంది. కిందికి మాత్రం దిగలేదు. ఎండ ముదురుతోంది. ఇక అందరూ ఒక్కొక్కరుగా అమ్మకు మాట ఇవ్వడం మొదలుపెట్టారు. అత్త ముందుకొచ్చి, "వదినా, నీ కొడుక్కి నేను ముందర నిలబడి పెండ్లి జేస్తా, ముట్టమ్మా" అంది. అందరూ నావైపు చూశారు. నేను కాకివైపు చూశాను. అది మెడ తిప్పుకుంది. మామ గొంతు సవరించుకొని, "అక్కా, ఈతూరి టమోటాకు మంచి రేటు వస్తాది, దిగులు పడొద్దు" అన్నాడు. కాకి అది కూడా నమ్మలేదు.

అప్పుడు అవ్వ వచ్చింది. మా నాయన తల్లి. మోకాళ్ళ నొప్పులని ఇంటి దగ్గరే ఉండిపోయిన మనిషి, గంప చంకన పెట్టుకొని గట్టు మీద కుంటుకుంటూ వచ్చింది.

"పొదుగు మీదుండే కోడి యాడికి పోయిందప్పా?"

"ఏ కోడి అత్తా?" అన్నాడు మామ.

"నల్లకోడి. వంటింటి మూలన కూర్చోనుండేది."

"ఓ, అదా?" మామ ముఖంలో ఇంకా ఏ చీకూ చింతా లేదు. "పుంగనూరికి పోయి కోడి తెచ్చేదానికి టైం యాడుండాది? సూస్తే మూలన గంపలో కదలకుండా కూర్చోనుండాది. తరుముకుండే పనే లేకపాయ. ఎంత సాదు కోడి అనుకుంటివి, పట్టుకుంటే నోరు గూడా ఎత్తలా..."

చెబుతూ చెబుతూ ఆయనకే అర్థమైనట్టుంది. మాట సగంలో ఆపి ఆకు వైపు చూశాడు. అందరం ఆకు వైపే చూశాం. అమ్మ పొదుగు వేసిన కోడి, అమ్మ ఆకులోనే, పులుసై ఉంది.

నాయన అమ్మ పోయిన రోజు నుంచి ఏడవలేదు. మాట్లాడనూ లేదు. ఎవరేం అడిగినా తల ఊపేవాడు. అన్నం ముందు పెడితే కెలికి లేచేవాడు. ఆ మనిషి అప్పుడు ముందుకు వచ్చి అవ్వ చంకలోని గంప అందుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి గుడ్లు తడిమాడు. తర్వాత ఎవరివైపూ చూడకుండా, "గుడ్లు నేను జూసుకుంటా. ఒగటన్నా పిల్ల జేస్తా" అన్నాడు.

కాకి దిగింది.

(అందరూ గంప వైపు తిరిగి ఆకుకు దూరంగా జరిగారు కాబట్టి దిగి ఉంటుందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ మాట అక్కడ అనే ధైర్యం లేకపోయింది. ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ మధ్యాహ్నం పులుసు అందరం తిన్నాం, నాయన తప్ప. బాగుంది.)

మాట ఇవ్వడమైతే అయింది, కోడి ఏదీ? తెగులు తర్వాత పల్లెలో పొదుగు మీద ఉన్న కోడి ఇంకొకటి లేదు. అవ్వ గుడ్లను కంబళిలో చుట్టి ఆరీ ఆరని పొయ్యి పక్కన పెట్టింది. అప్పుడు నేను లేచి, "పెట్టె చేస్తా" అన్నాను. కోడి చేసేదల్లా వేడి ఇవ్వడమే, వేడి కొలవడం నా వృత్తి అని చెప్పాను. "వృత్తి" అనే మాటే వాడాను. ఎవరూ నవ్వలేదు. చావింట్లో ఇలాంటి సౌకర్యాలు కొన్ని ఉంటాయి.

బస్సెక్కి మదనపల్లె పోయాను. చేపల అంగడిలో థర్మోకోల్ పెట్టె దొరికింది. వేడి ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చీ దొరికింది. దొరకనిది బల్బు. పాతకాలపు, ముట్టుకుంటే చెయ్యి కాలే బల్బు.

"ఆ బల్బులు ఇప్పుడు యాడుండాయి సార్? ఎల్ఈడీ తీసుకోండి. సల్లగా ఉంటాది, కరెంటు మిగుల్తాది" అన్నాడు అంగడాయన.

"చల్లగా వద్దప్పా, వేడి కావాల."

"వెలుతురు కోసం కాదా?"

"వెలుతురు లేకపోయినా పర్వాలేదు."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. గుండు చేయించుకున్న తల కనబడినట్టుంది, గొంతు తగ్గించి, "వెనక గోడౌన్లో పాతవి ఉండాయేమో సూస్తా, కూర్చో నాయనా" అన్నాడు.

సాయంత్రానికి పెట్టె తయారైంది. లోపల బల్బు, తేమ కోసం గిన్నెడు నీళ్ళు, మూతలో గాలి రంధ్రాలు, ఇన్నాళ్ళకు పని దొరికిన నా థర్మామీటరు. కోడి తన గుడ్లను తానే తిప్పుకుంటుంది. పెట్టె తిప్పుకోదు. అందుకని నాయన ప్రతి గుడ్డుకూ ఒక వైపు బొగ్గుతో గీత పెట్టి, ఆ గీత ఒకసారి పైకీ ఒకసారి కిందికీ వచ్చేట్టు చేత్తో తిప్పేవాడు. తోటకు పోవడం మానేశాడు. పెట్టె పక్కనే చాప. నేను కాలేజీ నుంచి వచ్చి, సెల్‌ఫోన్ లైటు వెనక నుంచి వేసి గుడ్డు చూపించాను. లోపల ఎర్రటి దారాల మధ్య నల్లటి నీడ ఒకటి ఉలిక్కిపడినట్టు జరిగింది.

"కదులుతాండాది" అన్నాడు నాయన. ఆ మాట మాతో అన్నది కాదు.

పలకరించడానికి వచ్చే పక్కింటి పెద్దాయన గడపలోనే నిలబడి, "ఏమప్పా, పొదుగు కూర్చోనుండావంట?" అని అడిగేవాడు. నాయన గుడ్లు తిప్పుకుంటూ ఉండేవాడు. అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "నీకేం తెలుస్తాది లే. నువ్వు నీ పిల్లోళ్ళనే సరిగా పొదగలేదు" అని లోపలి నుంచి అరిచేది. కరెంటు పోయిందంటే ఇల్లంతా ఉరుకులు. నీళ్ళు కాచి సీసాల్లో పోసి గుడ్ల చుట్టూ పేర్చేవాళ్ళం. నాయన ఆ సీసాలను గుడ్డతో చుట్టే పద్ధతి చూస్తే, ఇన్ని గుడ్లలో ఒక్కటి కూడా పిల్ల కాకపోతే ఈ మనిషి ఏమవుతాడోనని నాకు భయం వేసేది. అవ్వకు కూడా అదే భయం. ఆ భయంతోనే ఆమె ఒక పని చేసింది.

ఒక సాయంత్రం ఉత్తరాన మబ్బు పట్టి ఉరమడం మొదలుపెట్టింది. పెట్టెలో కొడవలి ముక్కా, మిరపకాయలూ లేవన్న సంగతి అవ్వకు అప్పుడు తట్టింది. మమ్మల్ని అడిగితే ఒప్పుకోమని తెలుసు. (నేనైతే విద్యుత్తు, ఇనుము అని ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి.) నాయన దొడ్లోకి పోయిన సమయం చూసి, ఇనుపముక్కను ఒక మూలన పెట్టి, మిరపకాయలను, రెండైతే చాలవేమోనని గుప్పెడు, "వెచ్చగా ఉంటాయి లే" అని బల్బుకు ఆనించి పెట్టింది.

కాసేపటికి ఇంట్లో ఘాటు మొదలైంది. ముందు అవ్వకు దగ్గు, తర్వాత నాకు. నాయన పరుగున వచ్చి మూత తీశాడు. తీసేసరికి లోపలున్న పొగంతా ముఖాన కొట్టింది. ముగ్గురికీ కళ్ళ వెంట నీళ్ళు ధారలు. సరిగ్గా అప్పుడే కుప్పం నుంచి మామ, అత్త దిగారు. మామ చేతిలో వైరుసంచి, అందులో తల బయటపెట్టిన ఒక కోడి. చేసిన పనికి బదులుగా తెచ్చిన కోడి.

గడపలో నుంచే అత్త మమ్మల్ని చూసింది. ఇన్నాళ్ళూ తడి లేని అన్న కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసింది. ఇంక ఏమీ అడగలేదు. సంచి కింద పడేసి, "వదినా, పోతివా వదినా, మా అన్నను ఒంటరి జేసి పోతివా" అని శోకం ఎత్తుకుంది. అవ్వ దగ్గు మధ్యలో, "అది కాదే, మిరప్..." అనబోయింది, దగ్గు పూర్తి కానివ్వలేదు. ఏడుపు విని పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కళ్ళు తుడుచుకోసాగారు. మామ గోడకు ఆనుకొని, "అక్కా, నేనే నీ కోడిని కోస్తినే" అని ఏడ్చాడు. అందులో ఎంత ఘాటో, ఎంత బాధో ఆయనకే తెలియదు.

కిటికీలు తెరిచాం. వాన గాలి వచ్చి పొగను తీసుకుపోయింది. ఒకరొకరుగా ముక్కులు చీదుకొని నెమ్మదించారు. అసలు సంగతి తెలిసి వెనక వరసలో ఎవరో నవ్వారు కూడా. నాయన మాత్రం ఆగలేదు. పెట్టె ముందు బాసింపట్టు వేసుకొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, శబ్దం లేకుండా ఏడుస్తూనే ఉన్నాడు. మిరపకాయ ఘాటు అంతసేపు ఉండదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ గొడవలో బల్బు ఆర్పేసి, పెట్టె తెరిచి పెట్టి, గుడ్లను మరిచిపోయాం. అవ్వ ముట్టుకొని, "సల్లగైపోతాండాయి!" అంది. బల్బు వెయ్యబోతే కరెంటు లేదు. మామ ఉత్సాహంగా తన కోడిని తీసి గుడ్ల మీద అదిమి పెట్టి, "కూర్చోవే తల్లీ" అన్నాడు. అది పొదుగు కోడి కాదు, బస్సులో వచ్చిన కోడి. రెండు గుడ్లు తొక్కి పగలగొట్టి, ఆయన చేతిని పొడిచి, కిటికీలోంచి ఎగిరి వానలోకి పోయింది.

అవ్వ మామను చూసింది.

"కోడిని కోస్తివి గదా. ఇంక నువ్వే కోడివి. కూర్చో."

"అత్తా, నేనా?"

"సుమ్మనుండి కూర్చో. ఒళ్ళు నీకే ఉండాది."

మామ కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్లు, పైన కంబళి. కరెంటు వచ్చేదాకా కదలలేదు, దగ్గు వచ్చినా ఆపుకున్నాడు. గుడ్లు తిప్పడం ఎలాగో నాయన ఆయనకు చూపించాడు. అమ్మ పోయాక వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

చివరికి ఒక గుడ్డు మాత్రమే చిట్లింది. లోపల నుంచి ముక్కు కనబడిన తర్వాత కూడా అది బయటికి రావడానికి ఒక పూటంతా పట్టింది. నేను పెంకు ఒలవబోతే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. మిగతావాటి కోసం ఇంకా ఎదురు చూసి, చూసి, ఇక లాభం లేదని తోటలో పాతిపెట్టాం. ఒకదానిలో పిల్ల పూర్తిగా తయారై ఉంది. థర్మామీటరు ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఒగటన్నా అంటిని. ఒగటే ఇచ్చె" అన్నాడు నాయన.

తల్లి లేని పిల్లకు కళ్ళు తెరవగానే కనబడినవి నాయన పాదాలు. వాటినే తల్లి అనుకుంది. ఆయన నడిస్తే నడిచేది, ఆగితే ఆగేది. దాన్ని తొక్కకుండా నడవాలంటే నెమ్మదిగా నడవాలి, దానికి పురుగులు దొరకాలంటే తోటకు పోవాలి. అలా నాయన మళ్ళీ తోటకు పోయాడు. మూడు నెలలకు అది నెత్తిన ఎర్రటి జుట్టు పెంచి, మెడ సాచి కూసింది. పుంజు. అమ్మ పెట్టల వంశం అక్కడితో సరి. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పెట్టె చేసినవాడిదే తప్పన్నట్టు. నాయన మాత్రం దాన్ని అది ముసలిదై పోయేదాకా సాకాడు. అది కూసినప్పుడల్లా "ఆ, లేస్తాండాలే" అనేవాడు. కోడికూర మళ్ళీ ముట్టలేదు.

అవ్వ ఎప్పుడో పోయింది. నాయన ఈ చలికాలంలో పోయాడు. పెద్దదినం నాడు కుప్పం మామ, ఇప్పుడు కర్ర లేకుండా నడవలేని మనిషి, తెల్లవారగానే ఇల్లంతా తిరిగి ప్రతి గంపా, ప్రతి మూలా చూశాడు. "ఈడ ఏదీ పొదుగు మీద లేదు గదా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. లేదన్నాను. సంగటి, దానిలోకి నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి చేయించి, అమ్మ సమాధి పక్కనే నాయనకు ఆకు వేశాం.

నేను ఒక మాట సిద్ధం చేసుకొని నిలబడి ఉన్నాను. ఏ మాట ఇస్తే కాకి దిగుతుందో నాకు తెలుసుననే అనుకున్నాను. ఆకు వేసి వెనక్కి తిరిగామో లేదో, నేను ఆ మాట అనకముందే కాకి దిగి తినడం మొదలుపెట్టింది.

"సూస్తివా, బావకు ఒగ కోరిక గూడా మిగల్లేదు" అన్నాడు మామ, తృప్తిగా.

అవునన్నాను. మదనపల్లె బజారులో వేడి బల్బు కోసం తిరిగిన ఆ కుర్రవాడైతే, కాకి ఆకలికీ మనిషి కోరికకూ సంబంధం లేదని మామకు వివరించి ఉండేవాడు. నేను మాత్రం ఆ కాకి ఇంకాసేపు స్తంభం మీదే కూర్చొని ఉంటే బాగుండేదని అనుకుంటూ నిలబడ్డాను. అలా అనుకుంటున్నందుకు నాలో నేనే కాస్త నవ్వుకున్నాను.