చప్పుడు తీసేసిన పాట

నా చిన్నప్పుడు మా ఊరు అయిజలో ప్రేమ, టీవీ తెర కింది అంచున పాకేది. ఊరి కేబుల్ వాళ్ళు సాయంత్రం పూట సినిమా పాటలు వేసేవారు. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా పాట ఫలానా వారికి అంకితం అని చెబితే, ఆ మాటలు అక్షరాలై పాట కింద జరిగిపోయేవి. ఊరంతా పాటతో పాటు వాటినీ చదివేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా వీధికి అదే పెద్ద వినోదం.

కేబుల్ ఉన్నది ఎదురింటి ముస్లిం ఆవిడ దగ్గర; ఆమెను వీధంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. ముందు గదిలో ఆమె గాజుల దుకాణం, వెనక గదిలో టీవీ. పొద్దు గూకితే వీధిలోని ఆడవాళ్ళూ పిల్లలూ, పనుల నుంచి వచ్చిన మగవాళ్ళూ అక్కడే చేరేవాళ్ళం. ఒకరోజు మా వీధి పేరు, దాని పక్కన ‘ఎస్’ అనే అక్షరం తెర మీద కనిపించాయి. నువ్వు దక్కకపోయినా నీకోసమే ఈ ప్రాణం, అని కింద రాసి ఉంది. మరునాడూ అదే పాట, అదే అక్షరం. ఆ అక్షరంతో మొదలయ్యే పేరు మా వీధిలో పక్కింటి అక్కదే. ఆమె గద్వాలలో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది.

పాట పంపేవాడెవడో కొద్ది రోజుల్లోనే అందరికీ తెలిసిపోయింది. బస్టాండు దగ్గర స్నేహితుడి దుకాణం అరుగు మీద గడ్డం పెంచుకుని కూర్చునే ఒక పిల్లగాడు. ఈ రోజు తలచుకున్నా నాకు రోత పుట్టించేది వాడు కాదు, వాడి మీద మా వీధి కురిపించిన జాలి. “పాపం, బువ్వ గిట్ట తింటలేడంట,” అని ఒకరు. “గంత పాణం పెట్టుకున్నోడు మల్ల దొరుకుతడా?” అని ఇంకొకరు. “ఈ పిల్లకు జరంత కూడ కనికరం లేదు,” అని మూలన కూర్చున్న ముసలామె. అక్క కూడా ఆ గదిలోనే ఉండేది. చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఎవరి ముఖమూ చూసేది కాదు.

అప్పటికి నేను ఏడో తరగతి. బడి వదలగానే శాఖా గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. అక్కడ అర్థమైనవీ కానివీ కలిపి చదివి, నేర్చిన మాటలను వీధిలో పంచేదాన్ని. అందని ప్రేమ గురించి కవులు ఎంతో రాశారని, దాన్ని విరహం అంటారని, ఈ పాటలో ఉన్నది అదేనని ఆ గదిలో నేనే వివరించాను. “లైబ్రరీ పిల్ల మస్తు చెప్పింది,” అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. ఖాలా మాత్రం తల ఎత్తకుండా గాజులు తుడుచుకుంటూ ఉంది.

ఆ వారంలోనే అక్క వాళ్ళ నాన్న, మేము పెద్దనాయన అని పిలిచే ఆయన, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేను నుంచి నేరుగా ఖాలా ఇంటికి వచ్చాడు. కాళ్ళ మట్టి కూడా కడుక్కోలేదు. “రేపటి సంది కాలేజీ బంద్. చేన్ల పనికి రా. నలుగురి నోట్ల పడ్డంక ఇంక సదువేంది?” అన్నాడు కూతురితో. ఆమె పరీక్షలు దగ్గరపడ్డాయి. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ పాట మొదలైంది. పెద్దనాయన కూడా దానికి అలవాటుగా తల ఊపాడు. ఆ రాగం అంత బాగుండేది మరి.

ఖాలా రిమోట్ అందుకుని టీవీ నోరు మూసింది. “ఈ పాట నీకు నోటికొస్తది గద బిడ్డా?” అని నన్ను అడిగింది. వస్తుందన్నాను. “పాడొద్దు. మనం మాట్లాడుకున్నట్ల చెప్పు. మీ పెద్దనాయన దిక్కు సూసి చెప్పు.”

నేను లేచి నిలబడ్డాను. రాగం లేకుండా ఆ మాటలు వెతుక్కోవడం మొదట కష్టమనిపించింది. తర్వాత వరసగా వచ్చేశాయి. “పెద్దనాయనా, నీ బిడ్డ నాతోని ఎన్నడు మాట్లాడలే. అయినా ఆమె నాదే. ఆమె పోయే తొవ్వల కూసుంట. వద్దన్నా లేవను. ఇంకొకర్ని చేసుకుంటే ఆ పెండ్లి పందిట్లనే సస్త. నా ఉసురు ఆమెకు తాకుతది.”

తెర మీద చప్పుడు లేని హీరో వానలో తడుస్తూ, పంటినొప్పి వచ్చినవాడిలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఒక చిన్నపిల్ల పకపకా నవ్వింది. నాకు మాత్రం నా నోట్లో ఏదో కుళ్ళిన వస్తువు పెట్టుకున్నట్టు వెగటుగా అనిపించింది. ఇన్నాళ్ళు నేను విరహమని పేరు పెట్టింది దీనికా!

పెద్దనాయన ముఖం నల్లబడింది. “ఎవడు వాడు, నా బిడ్డ పెండ్లిల సచ్చేటోడు?” అన్నాడు.

“నువ్వు గిప్పుడు తల ఊపినవు గద భయ్యా, ఆ పాటనే,” అంది ఖాలా. “మా అబ్బాజాన్ గజల్స్ ఇంటుండె. అండ్ల కూడ దొరకని మనిషే. కానీ ఆ ఏడ్సేటోడు తనింట్ల ఏడుస్తడు. ఎవరి తొవ్వకు అడ్డం రాడు.” తర్వాత అక్క వైపు తిరిగింది. “నువ్వేమంటవే?”

ఆ ప్రశ్న అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు.

“వాడెవడో నాకు తెల్వదు. బస్సుల నా ఎన్క సీట్ల కూసోని ఇదే పాట పాడుతడు. నేను పరీక్ష రాయాలె నాయనా,” అంది అక్క. ఎన్నో రోజులుగా లోపల అప్పజెప్పుకుంటున్నట్టు ఆ మాటలు వచ్చాయి.

పెద్దనాయన ఇంటికి వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున చేను పని కూలీలకు అప్పగించి, కేబుల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ అంకితం ఇక వేయొద్దని చెప్పాడు. తర్వాత కూతురితో పాటు గద్వాల బస్సెక్కి, ఆమె వెనక సీట్లో తాను కూర్చున్నాడు. ఆ పిల్లగాడు ఎక్కబోయి, ఆయన్ను చూసి మెట్టు మీద నుంచే దిగిపోయాడట. పరీక్షలు అయ్యేదాకా ఆయన అట్లా వెళ్ళాడు. అక్క డిగ్రీ పూర్తి చేసింది. అయినా మా వీధి మారలేదు. “పిల్లగాని పాణం ఉసూరుమనిపిచ్చిరి,” అని ఖాలాను చాలా రోజులు ఆడిపోసుకున్నారు. ఆమె వాళ్ళకే గాజులు తొడిగి పంపేది.

నేను మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళాను. ఈసారి పాత కవులు పాడుకోవడానికి రాసిన పదాలూ కీర్తనలూ వెతికి చదివాను. వాటిలోనూ అందని మనిషి కోసం తపించేవాళ్ళున్నారు. కానీ కొన్నింటిలో అవతలి స్త్రీ మాట్లాడుతుంది. తిడుతుంది, ఎగతాళి చేస్తుంది, ముఖం మీదే తలుపు వేస్తుంది. కొన్నింటిలో తపించేవారు దేవుణ్ణి వేడుకుంటారు తప్ప ఎవరినీ బెదిరించరు. మా తెర మీది పాటలో అవతలి మనిషికి ఒక్క మాట కూడా లేదు. ఆమె అందకపోవడమే ఆమె చేసిన నేరం. ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ తేడాను పట్టుకునే చెవి నాకు ఆ రోజే వచ్చింది.

ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో అట్లాంటి పాట పెడతారు. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని తల ఊపుతారు, పిల్లలు వరసగా అందుకుంటారు. నేను మాత్రం రాగాన్ని పక్కకు తీసి, ఆ మాటలను పాటలోని పిల్ల నిలబడ్డ చోట నిలబడి వింటాను. పక్కనున్నవాళ్ళు ఎంత మంచి పాటో అంటే, ఆమె ఏమన్నదో చెప్పండి అని అడుగుతాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.