తాండవ ఒడ్డున డ్రిల్లు టీచరు

లీల టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని నర్సీపట్నంలో అందరూ చెప్పుకునేవారు. ఉంటే ఉండనీ! తేనె పూసిన కత్తుల్లాంటి పెద్దమనుషుల సంగతి ఒక్కరూ చెప్పుకోరేం?

ఆవిడ మిషన్ ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు నేర్పేది. పుట్టింది మాకవరపాలెం దగ్గర పల్లెలో. చిన్నప్పుడు తండ్రి ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు ఆమె నడుముకు కట్టి, నేలబావిలోకి తోసి, గట్టు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. "ఆడగుంటకి ఈతెందుకురా?" అని ఊరు నవ్వితే, "నీటికి ఆడా మగా తెలుస్తాదేటి?" అనేవాడట. వారం తిరక్కుండానే ఆమె బుర్రలు విప్పి అవతల పారేసింది.

ఎనభయ్యో సంవత్సరం వానల్లో, ఆమె దగ్గర చదివే కరుణకుమారి బడి నుంచి ఇంటికెళ్తూ దారిలో గెడ్డవాగు దాటుతుంటే పైనుంచి వరద దిగింది. పక్కనే ఉన్న మగపిల్లలిద్దరూ ఈదుకుని గట్టెక్కారు. కరుణ ఎక్కలేదు. ఆ పిల్ల తల్లి అచ్చియమ్మ స్కూలు హాస్టల్లో వంటమనిషి. పిల్లను మట్టి చేసిన మర్నాడే వచ్చి ఎసరు పెట్టింది. ఆ పొయ్యి వైపు చూడాలంటే లీలకు ఒళ్లు మండిపోయేది. అచ్చియమ్మ మీద కాదు, ఆడపిల్లకు ఈత నేర్పని లోకం మీద.

మరుసటి వేసవిలో ఎప్పటిలాగే చర్చి సంఘం క్యాంపు తాండవ రిజర్వాయరు ఒడ్డున పెట్టారు. డేరాలు, పెట్రోమాక్సు లైట్లు, వాలీబాల్ నెట్టు, అన్నీ వచ్చాయి. వంటకి అచ్చియమ్మ వచ్చింది. పేరుకి అందరికీ సెలవులే. లారీ కట్టుకుని లంబసింగి ఘాటుకెళ్తే మగపిల్లలు కొండెక్కారు, ఆడపిల్లలు లారీ దగ్గర టిఫిను క్యారియర్లకు కాపలా కాశారు. మధ్యాహ్నం మగపిల్లలు రిజర్వాయరులో దూకితే, ఆడపిల్లలు గట్టున కూర్చుని పాటలు పాడుతూ కంచాలు తోమారు. అంత నీటిని ఎదురుగా పెట్టుకుని వాళ్లు ముట్టుకున్నది కంచాలు కడిగే నీళ్లే.

లీల ఓపిక పట్టి పాస్టరు జీవానందంగారి డేరాకి వెళ్లింది.

"అయ్యగారూ, రోజుకో గంట మా పిల్లల్ని నీళ్లలో దిగనివ్వండి. మగపిల్లలు లేనప్పుడే. ఈత నేర్పుతాను."

"తడిబట్టలతో ఆడపిల్లలా? ఎంతమాట, లీలమ్మగారూ! సంఘం ఏమనుకుంటుంది?"

"ఆదివారం బాప్తిస్మంలో తడవరా అండీ? సంఘమంతా చూస్తూనే ఉంటుంది కదా."

"అది పరిశుద్ధ కార్యం. దానికీ దీనికీ ముడి పెట్టకండి." ఆయన ఎంతో మర్యాదగా నవ్వారు. ఆ మర్యాదకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆదివారం వచ్చింది. తెల్లచీరల్లో ఆడపిల్లలు వరసగా నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు. ముంచి లేపిన పిల్ల తూలిపోకుండా పట్టుకోవడానికి ఒక ఆడమనిషి నీళ్లలో ఉండడం ఆనవాయితీ. ఆ పని ఏటా లీలదే. పాస్టరుగారు ప్రార్థన చేసి ఒక్కొక్కరినీ ముంచి లేపారు. చివరిది రత్నమణి, బడిలో కరుణతో ఒకే బెంచీ మీద కూర్చునే పిల్ల. ఆయన ఒడ్డెక్కి తువ్వాలు భుజాన వేసుకుని, "ఇక బయటికి రండమ్మా" అన్నారు.

"ఎవరూ కదలొద్దు" అంది లీల.

రత్నమణి పొట్ట కింద అరచెయ్యి పెట్టి నీటిమీద బోర్లా పడుకోబెట్టింది. "తల ఎత్తు. కాళ్లు కొట్టు. భయపడకు, నేనున్నాను. కొట్టు!"

గట్టున గగ్గోలు పుట్టింది. పాస్టరుగారి ముఖం జేవురించింది. "లీలమ్మగారూ! ఏమిటీ ఆటలు?"

"ముంచడం మీరు చేశారు కదండీ. తేలడం నేను నేర్పుతున్నాను."

పిల్ల నీళ్లు మింగింది, దగ్గింది, ఏడ్చింది. లీల ఊరుకోలేదు. తిట్టింది, మళ్లీ పడుకోబెట్టింది. ఎన్నోసారికో మెల్లిగా చెయ్యి తీసేసింది. రత్నమణి మునగలేదు. కుక్కపిల్లలా చేతులాడిస్తూ నాలుగు బారలు ముందుకెళ్లి, నిలబడి, నమ్మలేక పకపకా నవ్వింది. మిగతా పిల్లలు "నాకు టీచరుగారూ, నాకు!" అంటూ మీదపడ్డారు. గెలిచానన్న పొగరుతో లీల గట్టు వైపు తిరిగింది.

పొయ్యి దగ్గర ఉండాల్సిన అచ్చియమ్మ నీటి అంచున నిలబడి ఉంది. చీర కుచ్చెళ్లు తడుస్తున్నాయి.

"ఇంతేనేటి, టీచరమ్మా?"

లీల నీళ్లలోంచి ఆమె వైపు రెండడుగులు వేసింది.

"పొద్దున్న ఈత రాదు, ఇప్పుడొచ్చేసినాదా? ఇంతేనేటి?"

"ఇంతే, అచ్చియమ్మా" అంది ఎలాగో.

అచ్చియమ్మ పాస్టరుగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మట్టి సేసినప్పుడు దేవుడి సిత్తం అన్నారు గదా, అయ్యగారూ. అదే అనుకుని ఈ ఏడాదంతా ముద్ద మింగినాను. ఈ పాటి ఈత రాకేనేటి, నా గుంట పోనాది?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. ఆరిపోయిన ముఖాన్నే మళ్లీ మళ్లీ తుడుచుకున్నారు.

ఆయన నోరు మూయించాలని కాచుకున్న లీలకు ఆ మౌనం చేదుగా తగిలింది. దేవుడి మీద భారం వేసి బతుకుతున్న తల్లి చేతిలోంచి ఆ ఒక్క ఊతకర్రా తనే లాగేసింది. కోపం తగ్గలేదు సరికదా, ఇప్పుడు అందులో కొంత తన మీదకూ మళ్లింది. కళ్లలో నీళ్లు ఆగకపోతే రిజర్వాయరు నీళ్లతో ముఖం కడుక్కుని, తరవాతి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"రా. కాళ్లు కొట్టు."