ఎర లేని గాలం

చలికాలం తెల్లవారగానే ఎల్లారెడ్డి ఊరి మైసన్న మంకీ క్యాప్ చెవులదాకా లాక్కుని, పోచారం ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున గాలం వేసి కూర్చుంటాడు. ఎర మాత్రం గుచ్చడు. రెండేళ్ల కింద అతని తమ్ముడు అక్కడే మునిగిపోయాడు, శవం దొరకలేదు. "రాకుండ ఉండబుద్ది గాదు. గాని దారం గుంజితే వాడే అనిపిస్తది" అని ఒకసారి అన్నాడు. అప్పటినుంచి తోటివాళ్లు ఏమీ అడగకుండా, పోయేటప్పుడు తలా ఒక చేప అతని సంచిలో వేస్తున్నారు.

మొన్న కొత్తగా వచ్చిన యేసుబాబుకు ఇదేదీ తెలియదు. "ఎర లేకుంటే నీ మొగం జూసి వస్తదా అన్నా చేప?" అని నవ్వి, మైసన్న పక్కకు పోయి బీడీ ముట్టించుకునేలోగా జాలిపడి గాలానికి వానపామును గుచ్చి వేశాడు. కాసేపటికి దారం బిగిసింది. "గుంజు అన్నా!" అని అరిచాడు. మైసన్న గుంజలేదు. మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, దారాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"భయపడకు తమ్మీ," అన్నాడు నీళ్లలోకి చూస్తూ మెల్లగా, "ఈసారి చెయ్యి ఇడువ."