టోబీ పక్కన రెండు చోట్లు

మా బావ వెర్లన్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబుద్ధి కాదు కాబట్టి. చేతుల్లో సత్తువ ఉన్నంత కాలం కలప మిల్లులో రంపం దగ్గర నిలబడ్డాడు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం చర్చి మానడు. మా అక్క జెనీవా చేసిన వంటకి ఏనాడూ వంక పెట్టలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, కాలేజీ ఫుట్‌బాల్.

ఆ జబ్బు మా కోల్‌మర్‌లో లేనిదెవరికని అడగండి. శనివారం ఆట ఉంటే ఇక్కడ పెళ్ళి ముహూర్తం పెట్టుకోరు, పోయినవాళ్ళని కూడా ఆదివారం దాకా ఆపుతారు. బావకి ఇంకాస్త ముదిరింది. మా ఊరి కాలేజీ జట్టు గెలుస్తున్నంత కాలం ఆట రోజున వేసుకునే చొక్కా ఉతకనివ్వడు. ఉతికితే గెలుపు కొట్టుకుపోతుందని ఆయన నమ్మకం. చాలా ఏళ్ళపాటు ఆ చొక్కా శుభ్రంగానే ఉండేది, ఎందుకంటే మా జట్టు వారం వారం ఓడిపోయేది.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, టోబీ. తండ్రీకొడుకులిద్దరూ స్టేడియంలో పైవరసలో కూచుని, ఊరంతా లేచి ఇంటిదారి పట్టినా, ఓడిపోయే ఆటని చివరిదాకా చూసి వచ్చేవారు. పంతొమ్మిదేళ్ళైనా నిండకుండానే కలప లారీ ఒకటి వాడి బండిని గుద్దేసింది. కొండమీద చర్చి సమాధుల తోటలో, బావ వాళ్ళ కుటుంబం వరసలో పెట్టారు వాణ్ణి. ఆ వరసలో ఇంకా రెండు చోట్లే మిగిలాయి. వాడి పక్కన అక్క, అక్క పక్కన బావ. ఈ సంగతి ఎవరూ కూచుని మాట్లాడుకున్నది కాదు, దానంతటదే ఖాయమైపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఆ ఖాళీ గడ్డిమీద మడతకుర్చీ వేసుకుని కూచునేది. ఏం చేస్తున్నావే అంటే, నా మంచం చూసుకుంటున్నానే అనేది. ఆ మాట అన్నప్పుడు మాత్రమే దాని మొహంలో కాస్త తెరిపి కనిపించేది నాకు.

అలాంటి ఊరికి క్రోలీ అనే కోచ్ వచ్చాడు. రెండో ఏటికి మా జట్టు గెలవడం మొదలుపెట్టింది, నాలుగో ఏటికి ఓడడం మర్చిపోయింది. బావ చొక్కా వరండాలో మేకుకి వేలాడేది, దాని వాసనకి కుక్క కూడా అటు పోయేది కాదు. ఊరు కోచ్‌ని నెత్తిన పెట్టుకుంది. మంగలి ఆయన దగ్గర డబ్బు పుచ్చుకోడు, పాస్టరు గారు ప్రార్థనలో గవర్నరు కన్నా ముందు ఆయన పేరు తలుస్తారు.

గెలిపించే కోచ్ ఉన్న ఊరికి మాత్రం నిద్ర ఉండదు. నవంబరు వచ్చిందంటే పెద్ద పెద్ద కాలేజీలవాళ్ళు కోచ్‌ని తన్నుకుపోడానికి డబ్బు సంచులు పట్టుకుని దిగుతారు. ఉంటాడా, పోతాడా? ఊళ్ళో ఇంకో మాట లేదు. బావలాంటి వాళ్ళంతా ఫోన్లో విమానాల రాకపోకలు చూడ్డం నేర్చుకున్నారు. మా చిన్న విమానాశ్రయంలో ఎవరిదో ప్రైవేటు విమానం దిగితే కంచె దగ్గర పికప్ ట్రక్కులు వరస కట్టేవి. దిగినవాడు కోళ్ళ దాణా అమ్ముకునేవాడని తెలిశాక ఊపిరి పీల్చుకుని వెనక్కి పోయేవారు. కోచ్ భార్య కొట్లో ఖాళీ అట్టపెట్టెలు అడిగిందని ఒకసారి ఊరంతా అల్లాడిపోయింది. పాపం ఆవిడ పాత బట్టలు దానమిద్దామనుకుంది.

నాకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. నా మొగుడు టెక్సాస్ వెళ్ళొస్తానని చెప్పి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాడు. పోదామనుకున్నవాడు ఉంటానని ఎంత గట్టిగా చెప్తాడో నాకు తెలుసు. బావతో ఈ మాట అంటే, నీ మొగుడికీ కోచ్‌కీ పోలికేమిటని వారం రోజులు నాతో మాట్లాడలేదు.

గురువారం సాయంత్రాల్లో కోచ్ రేడియో కార్యక్రమం ఉండేది. నది పక్కన చేపల హోటల్లో బల్ల వేసి, మైకు పెట్టి, ఆయన కూచుంటే జనం వేయించిన క్యాట్‌ఫిష్ తింటూ ప్రశ్నలు అడుగుతారు. బావ ఒక్క వారం మానలేదు. ఆ గురువారం నేను అక్కతో వంటింట్లో కూచుని పీకాన్ కాయలు కొడుతున్నాను. రేడియో పెట్టి ఉంది. ఎవరో అడగనే అడిగారు, పెద్ద కాలేజీ పిలుస్తోందట, పోతారా అని. కోచ్ నవ్వాడు. నేనూ మా ఆవిడా మట్టిలో కలిసేది కూడా ఈ ఊళ్ళోనే అన్నాడు. కొండమీద చర్చి దగ్గర సమాధికి చోటు అడిగామని, అక్కడ ఖాళీ లేదన్నారని కూడా అన్నాడు. జనం అయ్యో అన్నారు. అంతలో కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెంటనే బావ గొంతు.

"కోచ్ గారూ, నా పేరు వెర్లన్ టిడ్మోర్. ఆ కొండమీద మాకు రెండు చోట్లున్నాయి. నాదీ మా ఆవిడదీ. అవి మీరు తీసుకోండి."

హోటలంతా లేచి చప్పట్లు కొట్టింది. చాలాసేపు కొట్టింది. అక్క చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. నేను రేడియో కట్టేయబోతే వద్దంది. చివరిదాకా వింది. ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదన్నాడు కోచ్. అక్క కొట్టిన గింజల్ని గిన్నెలోకి ఎత్తి, పెంకులు చెత్తబుట్టలో పోసి, చీపురు తెచ్చి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

బావ పెళ్ళికొడుకులా వచ్చాడు. అందరూ భుజం తట్టారట, హోటలువాడు తిండికి డబ్బు తీసుకోలేదట. అక్క మొహం చూశాక ఆ ఊపు కాస్త తగ్గింది. నేను లేచి వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు.

"మనవాడు ఒక్క పెద్ద గెలుపు కూడా చూడలేదు జెనీవా," అన్నాడు బావ. "ఎండలో వానలో ఓడిపోయేవాళ్ళనే చూస్తూ కూచున్నాడు. గెలిపించినవాడు వచ్చి వాడి పక్కన పడుకుంటే వాడికి ఎంత సంబరంగా ఉంటుందో ఆలోచించు. పైగా సమాధి ఉన్న ఊరొదిలి ఎవడైనా పోతాడా?"

"వాడి పక్కన నేను కదా ఉండాలి."

"రోడ్డవతల కొత్త తోటలో చూద్దాంలే. ఎంత దూరమని?"

"నన్నడిగావా వెర్లన్?"

ఆ చోట్లు ఆయన తండ్రి ఆయన పేరున పెట్టినవి, చర్చివాళ్ళకి అక్క సంతకం అక్కర్లేదు. పాస్టరు గారు మాత్రం మర్యాదకి ఇంటికొచ్చి, అమ్మా నీకు సమ్మతమేనా అని అడిగారు. అడుగుతున్నప్పుడే ఆయన చేతిలో టోపీ జట్టు రంగుది. ఊరంతా ఒకవైపు నిలబడితే అక్క ఏమంటుంది? మీ ఇష్టం అంది. నేను ఆ మాట విని కొంగ జపం చేస్తున్న పాస్టరు గారిని గుమ్మందాకా సాగనంపి, మీ ఆవిడ చోటు ఇవ్వకపోయారా అని అడిగాను. ఆయనకి వినపడలేదు.

జట్టు అభిమాన సంఘంవాళ్ళు రాయి కూడా నిలబెట్టారు. ఎర్ర గ్రానైటు, మీద కోచ్ పేరు, ఆయన భార్య పేరు, పుట్టిన సంవత్సరాలు, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. కింద ఫుట్‌బాల్ బొమ్మ చెక్కించారు. బతికున్నవాళ్ళకి ముందే రాయి పెట్టడం మాకు కొత్త కాదు గానీ, దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకోవడం నేను అప్పుడే చూశాను. పక్క ఊళ్ళనుంచి పిల్లల్ని తీసుకుని వచ్చేవారు. అక్క ఆదివారం మడతకుర్చీ ఎక్కడ వేసుకోవాలో తెలియక టోబీ కాళ్ళ దగ్గర వేసుకునేది. అమ్మా కొంచెం జరుగుతారా, రాయి కనబడ్డంలేదు అని ఒకావిడ అంటే జరిగింది.

మరుసటి నవంబరులో ఊరు హాయిగా నిద్రపోయింది. పేపర్లో పేరొచ్చినా, విమానం దిగినా, సమాధే ఉంది కదా, ఇంక భయమేమిటి అనుకున్నారు. బావ ఆ మాట నలుగురికీ చెప్పి మురిసిపోయేవాడు. ఆ ఊపులోనే డిసెంబరులో ఒక ఉదయం విత్తనాల కొట్టుకి వెళ్ళాడు. అక్కడ టీవీలో కోచ్ క్రోలీ వేరే రంగు టోపీ పెట్టుకుని, చిన్నప్పటినుంచీ ఈ కాలేజీకే రావాలని కలగన్నానని చెప్తున్నాడు. పక్కన భార్య అదే రంగు కోటు వేసుకుని నిలబడింది. కోటు సరిగ్గా ఆవిడ కొలతకే ఉంది. అంటే ఎప్పుడో కుట్టించుకున్నదే. మా జట్టు కుర్రాళ్ళకి ఫోన్లో ఒక మెసేజి పంపాడట, అంతే.

మధ్యాహ్నం రేడియోకి ఎవరో దూరంనుంచి ఫోన్ చేశారు. క్రోలీ అంతకుముందు పనిచేసిన ఊరివాడు. మా దగ్గరా సమాధికి చోటు తీసుకున్నాడండీ, మీకు చెప్పలేదా అన్నాడు. ఆయన వెనకనించి ఇంకెవరో నవ్వుతున్నారు. బావ ఆ నవ్వు విని లేచి వెళ్ళి ట్రక్కులో కూచున్నాడు. ట్రక్కు నడపలేదు, ఊరికే కూచున్నాడు. నిజం చెప్పాలంటే నాకు లోపల కొంచెం తృప్తిగా అనిపించింది. మర్నాడు పొద్దున్నదాకానే.

మర్నాడు పాస్టరు గారు ఫోన్ చేస్తే అక్కా నేనూ కొండమీదికి వెళ్ళాం. బావ మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఊరివాళ్ళ కోపమంతా ఆ రాయిమీద పోసి ఉంది. తెల్లరంగుతో బూతులు, బీరు సీసాల పెంకులు, చించిన జెండాలు, చచ్చిన కోడి ఒకటి. అదంతా ఒక్క రాయి దగ్గర ఆగుతుందా? టోబీ రాయిమీద కూడా రంగు చిందింది. అక్క పెట్టిన పూలకుండీ పగిలి ఉంది. వాడి పేరుమీద ఎవడిదో బూటు గుర్తు. ఏడాది కిందట ఇక్కడే ఫొటోలు తీయించుకున్న కాళ్ళే అవి, ఇంకెవరివి?

మేం బకెట్టు, బ్రష్షు పట్టుకుని మోకాళ్ళమీద కూచున్నాం. టోబీ రాయి తోమడం అయ్యాక అక్క ఆగకుండా కోచ్ రాయి కూడా తోమడం మొదలెట్టింది. వాడిదెందుకే, వదిలెయ్ అన్నాను.

"మావాడి పక్కన బూతులు ఎందుకే," అంది.

బావ ట్రక్కులోంచి దిగలేదు. అద్దం దించి, సాయం కావాలా అని ఒకసారి అడిగాడు. అక్క బ్రష్షు బకెట్లో ముంచింది. నేను మాత్రం అన్నాను, దిగి చూడు బావా, నీ కొడుక్కి ఎంత సంబరంగా ఉందో అని. అన్నందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

ఆ చోట్లు తిరిగి ఇవ్వమని పాస్టరు గారు కోచ్ కొత్త కాలేజీకి రాశారు. ఆయన అడ్డేమీ పెట్టలేదు. కాగితాలు వెంటనే వచ్చేశాయి, మొగుడూ పెళ్ళాల సంతకాలతో. బావ కవరు తిరగేసి చూశాడు, లోపల వేళ్ళు పెట్టి చూశాడు. ఒక్క ముక్కైనా రాయలేదా అని పాస్టరు గారిని అడిగాడు. లేదన్నారు. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు బావమీద జాలేసింది. ఇచ్చింది పోయినందుకు కాదు, తీసుకున్నవాడికి అది గుర్తుకూడా లేనందుకు ఆయన మొహం అలా అయిపోయింది. ఈసారి చోట్లు రెండూ తన పేరున రాయించమని అక్క అంటే కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఎర్ర రాయిని క్రేను తెచ్చి ఎత్తుకుపోయారు.

చలి తగ్గకముందే కొత్త కోచ్ వచ్చాడు. ఊరంతా విమానాశ్రయానికి పరిగెత్తింది. మేం అక్క ఇంట్లో టీవీ చూస్తున్నాం. కంచెకి ఇవతల జెండా ఊపుతూ ముందు వరసలో మా బావ. కొత్తాయన చెయ్యి అందుకుని రెండు చేతులా పట్టుకుని ఏదో చెప్తున్నాడు. అక్క కళ్ళు తిప్పకుండా చూసింది. తర్వాత లేచి పాస్టరు గారికి ఫోన్ చేసి, రేపొస్తాను, ఒక పనుంది అంది. మర్నాడు నన్ను వెంట తీసుకెళ్ళింది. ఆ పనేమిటో అక్కడికెళ్ళాకే తెలిసింది నాకు. వద్దన్నాను. ఇంకోసారి వద్దనకు అంది.

ఆ సాయంత్రం బావ ఎదర బీన్సు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఆయన నోరు ఊరుకోలేదు. ఈయన అలాంటివాడు కాదు, చెరువు దగ్గర ఇల్లు చూస్తున్నాడట, ఉండేవాడిలానే ఉన్నాడు అన్నాడు. అక్క ఆయన గ్లాసులో తీపి టీ పోసి ఎదురుగా కూచుంది.

"టోబీ పక్కన చోటు నాది. దాని పక్కది చెల్లెలి పేరున రాయించాను."

బావ నమలడం ఆపాడు. "మరి నేనో?"

"రోడ్డవతల చూసుకో."

అంతకన్నా ఒక్క మాట పెంచలేదు. గొంతూ పెంచలేదు. ఇంకో రొట్టె కావాలా అని కూడా అడిగింది. అక్క ఆ ఇల్లు వదల్లేదు, వదలదు. రేపూ ఆయనకి వండుతుంది, బట్టలుతుకుతుంది, జబ్బు చేస్తే పక్కన కూచుంటుంది. చచ్చేదాకా ఆయన పెళ్ళామే.

బావ నావైపు తిరిగాడు. హోటలంతా వినేలా మాట్లాడిన గొంతు ఇప్పుడు బల్ల దాటి రాలేదు. "నువ్వైనా చెప్పు," అన్నాడు, "నీకు ఎక్కడైతేనేం?"

నా మొగుడి సమాధి ఏ ఊళ్ళో ఉంటుందో నాకు తెలియదు. బావ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. వద్దులే, నువ్వే తీసుకో అన్న మాట నా నోటిదాకా వచ్చింది కూడా. నేను ఆ మాట అనలేదు.